చివర వచ్చినవాడు

స్కెల్డ్‌విక్ స్కూలు గొప్పతనం గురించి అడిగితే ఎవరైనా హాల్లో పటాలు చూపిస్తారు. ఇద్దరు మంత్రులు, ఒక బిషప్పు, ధ్రువం చూసొస్తానని వెళ్లి మంచులో బిగుసుకుపోయిన ఒక మహానుభావుడు. నేను ఆ స్కూలు మేట్రన్‌ని. అక్కడే ఉండి చదివే పిల్లల జబ్బులూ బట్టలూ చూసేదాన్ని. ఆ మహానుభావుల మనవల మేజోళ్లు ఉతికించీ ఉతికించీ నాకు పటాలమీద భక్తి పోయింది.

మా దగ్గర ఒక ఆచారం ఉండేది. పెద్ద క్లాసువాడికి పని పడితే మెట్లమీద నిలబడి "బో...య్" అని కేక పెడతాడు. చిన్న క్లాసులవాళ్లంతా ఉన్నచోటునుంచి పరుగెత్తుకు రావాలి. చివర వచ్చినవాడికి పనీ, వీపుమీద బెత్తం దెబ్బలూ. కేక వేసినవాడే కొట్టాలి. జాలిపడి వదిలేస్తే వాడి పరువు పోయినట్టే.

ఆ నవంబరులో పాత విద్యార్థుల పండగకి జడ్జి సర్ లయొనెల్ కార్బరీ, జనరల్ ట్రాస్క్ వచ్చారు. ఇద్దరి పటాలూ హాల్లో ఉన్నాయి. వాళ్లు చదివే రోజుల్లోనే పిన్నక్ అనే కుంటి కుర్రాడు చనిపోయాడు. స్కూలు జ్వరమని చెప్పింది. ఎప్పుడూ చివర వచ్చేది పిన్నకేననీ, ట్రాస్క్ చేతులు పట్టుకుంటే కార్బరీ కొట్టి చంపాడనీ వంటింట్లో అందరికీ తెలుసు.

టీ వేళకే చీకటి పడింది. కిటికీల బయట పొగమంచు. హాలంతా బొగ్గుపొగ, తడిసిన ఉన్నికోట్ల వాసన. జడ్జి వేళ్లకంటిన వెన్న తుడుచుకుని, గోడమీది పాత బెత్తం అందుకున్నాడు.

"ఈ కాలం పిల్లకాయలు పరుగెత్తగలరంటావా, ట్రాస్క్?"

"ఎందుకులే. కూర్చో, టీ చల్లారిపోతోంది," అన్నాడు జనరల్.

"సర్, చిన్న క్లాసులో మా విల్‌ఫ్రెడ్‌కి ఉబ్బసం. వాడు పరుగెత్తకూడదు," అన్నాను.

"అయితే ఇవాళ చివర వచ్చేది ఎవరో తెలిసిపోయింది," అని నవ్వాడు జడ్జి. నాకు ఒళ్లు మండిపోయింది.

మెట్లెక్కి కేక పెట్టాడు. స్కూలంతా అదిరింది. పిల్లలు పడుతూ లేస్తూ వచ్చి చేరారు. అందరి వెనకా విల్‌ఫ్రెడ్ గోడ పట్టుకుని వచ్చాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. గుండెలో ఈల. జడ్జి బెత్తం ఊపుకుంటూ దిగాడు. నేను విల్‌ఫ్రెడ్‌కి అడ్డం నిలబడ్డాను.

"పక్కకి జరుగు మేట్రన్. ఆచారం ఆచారమే."

"వీడిమీద దెబ్బ పడిందో, నేను ఊరుకోను."

విల్‌ఫ్రెడ్ నా ఆప్రాన్ లాగాడు. "నేను చివర కాదు మేట్రన్," అని గుసగుసలాడాడు. "నా వెనకాల ఇంకో అబ్బాయి వస్తున్నాడు... నాకంటే మెల్లిగా..."

చుట్టూ చూశాను. పిల్లలందరూ అక్కడే ఉన్నారు.

నడవలోంచి చప్పుడు. టక్... తరవాత ఏదో ఈడుస్తున్నట్టు... మళ్లీ టక్...

గుమ్మంలో ఎవరూ లేరు. రాతినేలమీద మాత్రం తడి అడుగులు పడుతున్నాయి. ఒక పాదం నిండుగా, రెండోది ఈడ్చిన గీతగా. అవి జడ్జి ఎదుటికొచ్చి ఆగాయి.

"కొట్టకు కార్బరీ," అన్నాడు జనరల్, తలుపువైపు వెనక్కి నడుస్తూ. "ఈసారి కొట్టకు..."

జడ్జి చెయ్యి లేచింది. రెండో చేత్తో దాన్ని పట్టుకున్నాడు. ఆగలేదు. బెత్తం ఖాళీ గాలిమీద పడింది. మాంసంమీద పడిన చప్పుడు. జడ్జి వీపుమీద కోటు చిరిగి నెత్తురు చిమ్మింది.

మళ్లీ లేచింది. మళ్లీ పడింది.

"నా చెయ్యి... ఎవరైనా నా చెయ్యి ఆపండి..."

పిల్లల్ని బయటికి తోసి, ఆ చేతిని పట్టుకుని వేలాడాను. నా పట్టుకి ఎముక విరిగింది. విరిగిన చెయ్యే కొడుతోంది. ఆయన బోర్లా పడ్డా ఆగలేదు. వీపులో ఎముకలు తెల్లగా కనిపించాయి. బెత్తం పీలికలయ్యాకే ఆగింది.

జడ్జి గుండె ఆగి చనిపోయారని స్కూలు చెప్పింది. ఆచారం ఎత్తేశారు. విల్‌ఫ్రెడ్ వీపు దక్కింది, నాకు అదే చాలనుకున్నాను. వాడి ఉబ్బసం కూడా తగ్గుతూ వచ్చింది, గుండెలో ఆ ఈల వినిపించడమే మానేసింది.

పొగమంచు పట్టిన సాయంత్రాల్లో మాత్రం మెట్లమీంచి కేక వినిపించేది. సన్నటి పిల్లవాడి గొంతు. దాని వెంట ఒక పెద్దమనిషి బూట్లు పరుగెత్తేవి. ఒక్కడే కాబట్టి చివరా వాడే. తరవాత దెబ్బలు. వసంతంలో జనరల్ తన ఇంట్లో నిద్రలోనే పోయాడు. అప్పటినుంచి రెండు జతల బూట్లు తోసుకుంటూ పరుగెత్తుతున్నాయి.

పిన్నక్ గొంతే అనుకున్నాను. నిన్న కేక వినగానే ధైర్యం చేసి మెట్లెక్కాను.

పైమెట్టుమీద విల్‌ఫ్రెడ్ నిలబడి ఉన్నాడు. చేతిలో కొత్త బెత్తం. దాని కొసనుంచి నెత్తురు కారుతోంది. పక్కన రాతిమీద తడి పాదం, దాని పక్కన ఈడ్చిన గీత. కింద హాల్లో బూట్లు దగ్గరపడుతున్నాయి.

"వద్దు నాన్నా," అన్నాను. "ఇలా ఇచ్చెయ్యి."

"పక్కకి జరగండి మేట్రన్. ఆచారం ఆచారమే."

ఆ మాటన్నప్పుడు వాడి ఛాతీ కదల్లేదు. వాడు ఊపిరి తీసుకోవడం లేదు.