రెండో బ్రేకు

పొద్దున్నే వంటింటి బల్ల దగ్గర కూర్చుని, కూతురు టీ ఒక గుక్క తాగి, "అమ్మా, పంచదార ఎక్కువైంది" అంది.

"అవును!" అన్నాడు తండ్రి హుషారుగా. "పైగా గుమ్మం దాకా చీమలు బారులు తీరాయి. వాటికీ తలో కప్పు పొయ్యాలి."

తల్లి గరిటె పట్టుకుని ఇటు తిరిగింది. "ఏమండీ, పొద్దున్నే నా టీ మీద పడ్డారేం?"

"నేను కాదనలేదుగా! అవునన్నాను."

పాపం, ఆయన డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. నేర్పే కారులో పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆయన కుడికాలు దాని మీదే. ఇంట్లోనూ అంతే, ఎవరు నోరు తెరిచినా "కాదు కాదు" అని సగంలో ఆపేసేవాడు. "మాస్టారు మమ్మల్ని నడపనివ్వరు, మాట్లాడనివ్వరు" అని నేర్చుకునేవాళ్ళు మొరపెట్టుకుంటే, స్కూలు యజమాని ఆయన్ని శనివారం సాయంత్రాలు ఇంప్రోవ్ క్లాసుకు పంపించాడు. ముందుగా ఏమీ రాసుకోకుండా అప్పటికప్పుడు అల్లుకుంటూ పోయే హాస్య నాటకం అది. ఎదుటివాళ్ళు ఏమన్నా కాదనకూడదు. అవునని అందుకుని, ఇంకో ముక్క కలపాలి. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, మాస్టారు నేర్చుకున్నదంతా ఇంట్లోవాళ్ళ మీదే ప్రయోగిస్తున్నాడు.

కూతురు కప్పు పక్కన పెట్టింది. "నాన్నా, ఒక మాట చెప్పాలి. మా ల్యాబ్ దగ్గర గది చూసుకున్నాను. ఆదివారం నుంచి అక్కడే ఉంటాను."

తల్లి చెయ్యి ఆగిపోయింది. తండ్రి నోటి దాకా "కాదు" వచ్చేసింది. క్లాసు గుర్తొచ్చి గుటుక్కున మింగాడు.

"అవును! పైగా ఆ గదిలో ఒక ఏనుగును కూడా పెంచుదాం!"

ఎవరూ నవ్వలేదు. కూతురి కళ్ళు నిండిపోయాయి.

"ఇల్లు వదిలిపోతానంటే నీకు ఆటగా ఉందా నాన్నా? ఇదివరకు కాదు కాదని నా నోరు నొక్కేవాడివి. ఇప్పుడు అవును అవునని నొక్కుతున్నావు. ఏదైతేనేం, నా మాట నీకు వినపడదు!"

"అది కాదు అమ్మడూ, క్లాసులో..."

"నేను నీ క్లాసులో మనిషిని కాదు. నీ కూతుర్ని!"

గది తలుపు ధడాలున మూసుకుంది. తల్లి పొయ్యి ఆర్పేసింది. "చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. ఇప్పుడే వెళ్ళండి" అంది నెమ్మదిగా.

తలుపు దగ్గర నిలబడ్డ ఆయనకు, మొన్న క్లాసు చెప్పే అమ్మాయి అన్న మాట గుర్తొచ్చింది. "మాస్టారూ, కలపడానికి మీకు మహా తొందర. ఆఖరి మాట దాకా వినకుండా దేనికి కలుపుతారు?" అప్పుడు అందరితో పాటు తనూ నవ్వేశాడు.

లోపల మంచం మీద సగం సర్దిన సంచి ఉంది. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఏమీ కలపను. చెప్పు."

ఆమె చేతిలో ఉన్న బట్ట మడతపెట్టి సంచిలో పెట్టింది.

"పోయినేడు ల్యాబ్‌లో ఇద్దరి రక్తం సీసాలు మార్చేశాను. తప్పుడు రిపోర్టు చూసి ఒక పెద్దావిడ ఇక బతకననుకుంది. ఆ సంగతి తెలిశాక ఉద్యోగం మానేద్దామనుకున్నాను. ఆ సాయంత్రం నీకు చెప్పుకుందామని పరిగెత్తుకొచ్చాను. 'ఇవాళ ల్యాబ్‌లో తప్పు' అన్నానో లేదో, 'ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచెయ్యాలి' అన్నావు. అంతే, మింగేశాను. అప్పట్నుంచీ అన్నీ మింగడమే. ఒంటరిగా ఉంటే, మనిషి ఎదురుగా ఉండీ చెప్పుకోలేకపోయానన్న బాధైనా ఉండదు."

ఆయన "తర్వాత?" అని మాత్రం అడిగాడు.

"ఆవిడ ఇంటికి వెళ్ళి క్షమించమన్నాను. ఆవిడ నా తల నిమిరింది నాన్నా. ఆవిడ!"

ఏడుపు ఆపుకోవడానికి తల దించిన ఆమెకు తండ్రి కుడిపాదం కనిపించింది. నేలను అదిమి అదిమి వేళ్ళు తెల్లబడిపోయాయి.

"ఆ కాలేంటి నాన్నా?"

ఆయన కిందికి చూసుకున్నాడు. "బ్రేకు. ఈసారి నన్ను నేనే ఆపుకుంటున్నాను."

ఆమె ఏడుస్తూనే నవ్వేసింది. ఆయన లేచి వచ్చి ఆమె తల మీద చెయ్యి వేశాడు. "ఆవిడ కంటే ముందు నేను వినాల్సింది తల్లీ" అన్నాడు. తలుపు అవతల తల్లి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

గదికి మారడం మాత్రం కూతురు మానుకోలేదు. ఆదివారం మాస్టారు స్కూలు కారే అడిగి తెచ్చి, తాళాలు కూతురి చేతికిచ్చాడు. తను పక్క సీటులో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"అదేం కూర్చోవడమండీ, చిన్నపిల్లాడిలా?" వెనక నుంచి తల్లి.

"కిందపెడితే ఈ కాలు నా మాట వినదు."

వీధి మలుపు తిరుగుతూ కూతురు, "నాన్నా, ఆ గది ఓనరమ్మ ఉంది చూశావూ..." అని మొదలుపెట్టింది. ఎదురుగా లారీ వచ్చింది. ఆయన కాలు ఎగిరిపడింది. రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

"ఊఁ, ఆవిడకేం?" అన్నాడు, కూతురి వైపే చూస్తూ.