నల్లధూళి మీద తెల్లచుక్కలు

మంగలి కుర్చీలో కూర్చున్నవాడు ముఖం నిండా నురగతోనే చచ్చిపోయాడు. సైలెన్సర్ బిగించిన తుపాకీ వీధిలోంచి ఒక్కసారి దగ్గింది. షాపు అద్దంలో చిన్న చిల్లు పడింది. మంగలి కత్తి పట్టుకుని అలాగే బిగుసుకుపోయాడు, తానే కోశానేమోనని.

చచ్చినవాడు విదేశీ ముఠా మనిషి. మనవైపు తిరగాలనుకున్నాడు, తిరిగేలోపు పోయాడు. జేబులో ఒక ప్లాను దొరికింది. అంతరిక్ష ప్రయోగశాలలో దుమ్ము చొరని శుభ్రగదిది.

"ఆపరేషన్ బొగ్గు" అన్నాడు గూఢచార శాఖ చీఫ్, ప్లానును డేగ ముందుకు తోస్తూ. డేగ అనేది ఏజెంటు మారుపేరు. ఆ పేరు తనే పెట్టుకున్నాడు.

"మన నౌక ఒక గ్రహశకలం మీద వాలి గుప్పెడు పొడి తెచ్చింది. ఆ రాయి బొగ్గు కంటే నలుపు, నిండా కార్బన్. భూమి పుట్టకముందు సరుకు."

"గుప్పెడు మసి కోసం మనిషిని చంపుతారా సార్?"

"ఆ మసిలో ప్రాణానికి మూలం దొరకొచ్చంటున్నారు. దొరికితే ప్రపంచం మన గుమ్మంలో నిలబడుతుంది. మంత్రిగారు ప్రకటించేదాకా దాన్ని ఎవడూ ఎత్తుకుపోకూడదు."

"ల్యాబు హెడ్ ఎవరు?"

"తెలియనట్టు అడక్కు. మీ అక్క మొగుడే."

డేగ పెదవి విరిచాడు. బావంటే అతనికి చిన్నచూపు. తను సరిహద్దులు దాటుతుంటే బావ రాళ్లు కడుగుతుంటాడు. "మీ బావ నన్ను కట్టుకోలేదురా, ఆ రాయిని కట్టుకున్నాడు" అని అక్క నవ్వుతూనే అంటుంది. నౌక వెళ్లి వచ్చేలోపు ఆమె జుట్టు నెరిసింది.

సాయంత్రం హోటల్ లాంజ్‌లో నెమలి అనే గూఢచారిణి కలిసింది. రెండు పక్కలా జీతం తీసుకునే మనిషి. మనవాళ్ల లెక్కలో మాత్రం మన మనిషి. పచ్చటి పట్టు గౌను, బంగారు ఫ్రేము కళ్లజోడు. ఆమె నడిచొస్తుంటే వెయిటర్ ట్రే వంకర పోయింది.

"ఈ ఊళ్లో నక్షత్రాలు కనబడవేం?" అంది. అది కోడ్.

"కళ్లజోడు తుడుచుకోండి" అన్నాడు డేగ. అదే జవాబు.

చొక్కా బొత్తామంత కెమెరాను ఆమె అతని అరచేతిలో పెట్టింది. "మా ముఠావాళ్లు అసలు పొడి తీసి బొగ్గుపొడి పెడతారు. చేసేది ఎవరో నాకూ తెలీదు. దీన్ని గాజుపెట్టె లోపల అంటించండి. దొంగ చెయ్యి దొరుకుతుంది."

"లోపలా?"

"అక్కడిదాకా వెళ్లగలిగేది మీరు కాక ఇంకెవరున్నారు?"

పొగిడితే మునగచెట్టు ఎక్కేవాళ్లలో గూఢచారులు ముందుంటారు. బయటి వస్తువు ఏదైనా ముందు టెక్నికల్ సెక్షన్‌లో చూపించాలని రూలుంది. డేగ చూపించలేదు.

మర్నాడు ఎయిర్ ఫిల్టర్ల మెకానిక్ వేషంలో ల్యాబుకు వెళ్లాడు. టూల్‌బాక్సు, నూనె మరకల చొక్కా, గుబురు మీసం. గుమ్మంలోనే బావ ఆపాడు. తెల్ల సూటు, మాస్కు. కళ్లు తప్ప ఏమీ కనిపించడం లేదు.

"ముందు ఆ మీసం పీకు."

"ఎలా కనిపెట్టావ్?"

"జిగురు కంపు కొడుతోంది. ఈ గదిలో సెంటు లేదు, క్రీము లేదు. తలకు నూనె రాసిన రోజు మీ అక్కనే గుమ్మం దాటనివ్వను. పీకు."

మీసం పీకి, స్నానం చేయించి, సూటు తొడిగి లోపలికి పంపారు. నత్రజని నింపిన గాజుపెట్టెలో, లోహపు గిన్నెలో ఉంది ఆ పొడి. దీపం వెలుతురు దానిమీద పడి ఇక తిరిగి రావడం లేదు. పక్కన అరచేతంత మెరిసే రేకు.

"అదేంటి?"

"సాక్షి పలక. గిన్నెలో పడే దుమ్ము దానిమీదా పడుతుంది. దాన్ని చూడకుండా మేం ఏ మాటా అనం."

డేగ కెమెరా తీశాడు. "ఇది లోపల పెట్టాలి."

"కుదరదు. బయటినుంచి చూసుకో."

"దేశ భద్రత, బావా."

"ఒరే, ఇందులోకి వెళ్లే పట్టకారునైనా కడిగి, కాల్చి, పరీక్షించి పంపుతాం. నీ బొత్తాం ఎక్కడ పుట్టిందో నాకేం తెలుసు?"

"రాళ్లు కడుక్కునేవాడివి, నీకేం తెలుసు దొంగల సంగతి! పొడి పోతే మంత్రికి జవాబు చెప్తావా?"

గదిలోని సహాయకులంతా విన్నారు. ఒకమ్మాయి పనిచేస్తున్నట్టు తల తిప్పేసుకుంది. బావ కళ్లు దించుకున్నాడు. చీఫ్ నుంచి ఫోన్‌లో ఆర్డరు వచ్చింది. కెమెరా లోపలికి వెళ్లింది.

పక్కగదిలో మానిటర్ ముందు కాపలా కూర్చున్నాడు డేగ. తెర నిండా నలుపే. ఏ చెయ్యీ రాలేదు. కాసేపటికి ఆ నలుపు మీద తెల్లగా, సన్నగా చుక్కలు కనిపించాయి. రుమాలు తీసి తెర తుడిచాడు. పోలేదు. పాడు మానిటర్ అని తిట్టుకున్నాడు.

వారం తిరక్కముందే పరీక్షల్లో తేలింది: పొడిలో అమైనో ఆమ్లాలు, ప్రాణానికి ఇటుకలు! అదీ జీవుల ఒంట్లో ఉండే తీరులో. ల్యాబంతా చప్పట్లు. బావ ఒక్కడే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సాక్షి పలక చూడాలి" అన్నాడు.

"సాక్షులు కోర్టుల్లో ఉంటారండీ" అని మంత్రి నవ్వాడు. "ఎల్లుండే ప్రకటన."

ప్రకటన రోజు హాలు కిటకిటలాడింది. డేగ ఫొటోగ్రాఫర్ వేషంలో గోడవారన నిలబడ్డాడు. ముందు వరసలో అక్క కొత్తచీర కట్టుకుని కూర్చుంది. వేదిక మీద బావ ముఖం పాలిపోయి ఉంది. మంత్రి మైకు సవరించుకున్నాడు. వెనక పెద్ద తెరమీద రెండు ఫొటోలు పడ్డాయి. నౌక తెచ్చిన డబ్బా తెరిచిన రోజు పొడి: చిక్కటి నలుపు. నిన్నటి పొడి: నలుపు మీద తెల్లచుక్కలు.

రెండో ఫొటో ల్యాబు కెమెరాతో తీసింది. మరి చుక్కలు పాడు మానిటర్‌వి ఎలా అవుతాయి?

డేగ హాలంతా కలియజూశాడు. విలేకరుల వరసలో నెమలి కూర్చుని తీరిగ్గా కళ్లజోడు తుడుచుకుంటోంది.

అప్పుడు వెలిగింది. ముఠాకు ఆ పొడి అక్కర్లేదు, మన పరువు తీయడమే కావాలి. మన దేశం ప్రాణం దొరికిందని చాటుకోవాలి. మర్నాడు వాళ్లు లేచి అది బజారులో సీసాల్లో అమ్మే రసాయనమని రుజువు చేయాలి. ప్రపంచం పడీపడీ నవ్వాలి. మంగలి కుర్చీలో పోయినవాడు చెప్పాలనుకున్నది ఇదే. బావను దొంగ అంటారు. ఆ రాయి కోసం కరిగిపోయిన బతుకంతా దొంగబతుకు అవుతుంది.

గోడకి ఫైర్ అలారం ఉంది. నొక్కితే సభ ఆగుతుంది, తన పేరు బయటికి రాదు. వేలు దానిమీదకి వెళ్లింది కూడా. కానీ మంటలు లేవని తేలాక మంత్రి మళ్లీ మైకు పట్టుకుంటాడు. చెయ్యి దించి వేదికవైపు నడిచాడు.

"నేడు మన దేశం..." మంత్రి మొదలెట్టాడు.

"ఆపండి సార్!"

హాలంతా తిరిగి చూసింది. గార్డులు పరుగెత్తుకొచ్చారు. డేగ వాళ్లను తోసుకుని మైకు అందుకున్నాడు.

"ఆ పొడిలో ఉన్న ప్రాణం ఆకాశంలోంచి రాలేదు. నా జేబులోంచి వచ్చింది. ల్యాబు హెడ్ వద్దన్నారు. నేనే ఆయన్ని నలుగురిలో తిట్టి నా కెమెరా లోపల పెట్టించాను. తెల్లపొడి రాలుతుంటే కళ్లారా చూసి, తెర తుడుచుకున్నాను."

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత హాలు హాలంతా నవ్వింది. అక్క తలెత్తలేదు.

నెమలి లేచి తలుపువైపు కదిలింది. డేగ వేలు చూపించాడు. చీఫ్ మనుషులు గుమ్మంలోనే పట్టుకున్నారు. వాళ్లు నడిపించుకుపోతుంటే అతని పక్కన ఒక్క క్షణం ఆగింది.

"అంతా సరిగ్గానే లెక్కేశాం. నువ్వు నోరు విప్పవనుకున్నాం" అంది. "నీ గురించి తెలిసినవాళ్లంతా అదే చెప్పారు."

కెమెరా విప్పితే అడుగున చిన్న అర ఉంది, అంచుల్లో తెల్లపొడి. సాక్షి పలక మీదా అదే పొడి. పుట్టబోయే శాస్త్రవేత్తల కోసమని బావ మొదటిరోజే కొంత పొడి వేరే గిన్నెలో పెట్టి సీలు వేశాడు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

డేగ ల్యాబు మెట్ల దగ్గర కాచుకుని నిలబడ్డాడు. బావ బయటికి వచ్చాడు.

"క్షమించు బావా."

"భూమి కంటే పాతదిరా అది. అన్నాళ్లూ శుభ్రంగా ఉంది. నీతో ఒక్క పూట ఉంది, అంతే." బావ చెప్పులు వేసుకున్నాడు. "రాయి క్షమిస్తే నేనూ క్షమిస్తా. వెళ్లి అడుగు."

వెళ్లడానికి లేదు, డేగను ఇక ల్యాబులోకి రానివ్వరు. గుమ్మంలో ఆ కెమెరాను గాజుపెట్టెలో వేలాడదీశారు, కొత్తగా వచ్చేవాళ్లు చూడాలని. కింద ఇలా రాశారు: 'కడగకుండా లోపలికి వెళ్లిన ఒకే ఒక వస్తువు.' తెచ్చినవాడి పేరు రాయలేదు. గూఢచారి కదా, ఆ మాత్రం రహస్యం కాపాడారు.