రేకు మీద రెండు దెబ్బలు

చిన్న కథే. పొయ్యి మీద పాలు పొంగేలోపు చెప్పేస్తాను.

కొండదారిలో మూడో సరస్సు పక్కన ఒక మలుపుంది. చీకటి పడ్డాక అక్కడ బండి ఆపకూడదంటారు. ఆపితే... వెనక రేకు మీద రెండు దెబ్బలు వినిపిస్తాయట. తిరిగి చూస్తే ఎవరూ ఉండరట. బండి కదిలాక మాత్రం ఎవడో వెనకాలే పరిగెత్తుకొస్తాడట — ఆపండి, ఆపండి అంటూ.

ఇది చెప్పేవాళ్ళలో ఒక్కడూ స్వయంగా విన్నవాడు కాదు. విన్నవాడు ఎప్పుడూ వాళ్ళ బావమరిదే.

ముందు ఆ దారిన వెళ్ళిన నలుగురి సంగతి చెప్పాలి. బస్సు డ్రైవరు, కండక్టరు ఒకే నెలలో రిటైరయ్యారు. ఇరవై ఏళ్ళు ఒకే బస్సులో కాపురం చేసిన మనుషులు; ఇంట్లో భార్యలతో అన్ని మాటలు ఆడి ఉండరు. డ్రైవరు ఒక పాత వ్యాను కొన్నాడు. "బావా, మూడు సరస్సులూ చూసొద్దాం" అన్నాడు. లెక్కల మాస్టారూ, దర్జీ కూడా ఎక్కారు. మాస్టారు ఎవరూ అడక్కుండానే ప్రతి కొండ ఎత్తూ చెప్పేవాడు. దర్జీ ఆ కొండలనే తల పక్కకి వాల్చి చూసి, "దీనికి ఎడమ భుజం దిగిపోయింది" అనేవాడు.

కండక్టరు ఒక్కటే షరతు పెట్టాడు. మూడో సరస్సు వెలుతురుండగానే దాటాలి.

ఆయనకో అలవాటుంది, ఊరంతా నవ్వుకునేది. ఎక్కడికెళ్ళినా తలలు లెక్కపెడతాడు. కూతురి పెళ్ళిలో భోజనాల బంతినీ లెక్కపెట్టాడు. ఈ ప్రయాణంలోనూ ఆగిన ప్రతిచోటా వెనక సీటులోకి తొంగిచూసి "ఒకటి, రెండు" అనుకునేవాడు. డ్రైవరునీ తననీ లెక్కలో వేసుకోడు, కండక్టర్లెవరూ వేసుకోరు. తర్వాత బయట నుంచే రేకు మీద రెండు దెబ్బలు కొట్టి, అందరికన్నా చివర, వెనక తలుపు దగ్గర ఎక్కి కూర్చునేవాడు. ఆ దెబ్బలు వినగానే డ్రైవరు బండి కదిలిస్తాడు. అద్దంలో చూడడు, పక్కకీ చూడడు. ఇరవై ఏళ్ళుగా అంతే.

ఈ లెక్కల పిచ్చి ఎందుకో ఎవరికీ తెలీదు. పందొమ్మిదేళ్ళ కిందట, ఇంజను చల్లారడానికి ఆఖరి బస్సు ఆ మలుపులోనే ఆగింది. మంచు. కొందరు దిగారు, ఎక్కారు. కండక్టరు లెక్కపెడితే సరిపోయింది, రెండు దెబ్బలు కొట్టాడు. డిపోకి వచ్చాక చూస్తే... దుప్పటి కప్పుకున్న మనిషనుకుని లెక్కేసింది ఒక మూటని. పక్క సీటులో కర్రపిడి గొడుగొకటి ఉంది. దాని మనిషి లేడు.

గొడుగు డిపోలో అప్పగించాడు. మనిషి సంగతి చెప్పలేదు. చెబితే ఉద్యోగం పోతుంది. వారం తిరక్కుండానే మలుపులో దెయ్యం ఉందన్న మాట పుట్టింది. అది ఎవరో ఊళ్ళో ఈయనొక్కడికే తెలుసు.

సరే, ప్రయాణం. మొదటి సరస్సు దగ్గర మాస్టారు లోతు ఎంతో వివరించాడు. రెండోదాని దగ్గర దర్జీ జుట్టు దువ్వుకుని ఫొటోలు దిగాడు — రెండు గంటలు. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి చీకటి.

సరిగ్గా ఆ మలుపులోనే రేడియేటర్ మరిగింది.

"బావా... ఇక్కడొద్దు. ఇంకాస్త పోనీ," అన్నాడు కండక్టరు గొంతు తగ్గించి.

"ఇంజను పోతుంది. నువ్వు తోస్తావా?"

నలుగురూ దిగారు. కింద ఎక్కడో నీళ్ళు ఒడ్డును తాకుతున్న చప్పుడు. ఆ కొండ ఎత్తెంతో మాస్టారు చెప్పలేదు.

నీళ్ళు పోయడం అయింది. ముగ్గురూ ఎక్కి అద్దాలు బిగించుకున్నారు. కండక్టరు తొంగిచూశాడు. ఒకటి... రెండు. సరిపోయింది. కానీ చెయ్యి రేకు మీదికి వెళ్ళలేదు.

సరస్సు వైపు నాలుగడుగులు వేశాడు. చేతులు జోడించాడు.

"అయ్యా... ఆ రోజు చూసుకోలేదు. క్షమించు."

వెనకనుంచి — టక్... టక్.

వ్యాను కదిలింది.

"ఆపండి! ఆపండి!" పరిగెత్తాడు. ఆ అరుపు తన చెవులకే పాత కథలా వినిపించింది. వ్యానులో మాస్టారు దర్జీ చెయ్యి పట్టుకున్నాడు. "వినబడుతోందా?" దర్జీ కళ్ళు మూసుకుని, "వెనక్కి చూడొద్దు" అన్నాడు. డ్రైవరు ఇంకా తొక్కాడు.

వ్యాను వెనక ఎర్రదీపం చిన్నదై, లేకుండా పోయింది.

రెండు లారీలు వచ్చాయి. చెయ్యి ఎత్తాడు. రెండూ వేగం పెంచాయి. రాయి మీద కూర్చున్నాడు. ఆ గొడుగు మనిషి కూడా ఇలాగే కూర్చుని ఉంటాడు, ఇదే రాయి అయ్యుంటుంది... చలికి పళ్ళు కొట్టుకుంటుంటే, పక్కన ఎవరో ఉన్నట్టే ఉంది. తల తిప్పలేదు.

కొండ దిగాక టీ కొట్లో నాలుగు గ్లాసులు వచ్చాయి. ఒకటి మిగిలింది. డ్రైవరు దాన్ని చూసి లేచి నిలబడ్డాడు.

గంటన్నర తర్వాత వ్యాను తిరిగొచ్చింది. కండక్టరు రాయి మీదే ఉన్నాడు.

"ఎవరు తట్టారు?" అదే మొదటి మాట.

"నువ్వే కదా బావా!"

"నేను ఒడ్డున ఉన్నాను."

మాస్టారూ దర్జీ ఒకరినొకరు చూసుకున్నారు. అద్దాలు బిగించుకుని కూర్చున్నవాళ్ళు బయట రేకు ఎలా తడతారు? అప్పుడు, ఆ రోడ్డు మీదే, కండక్టరు గొడుగు సంగతి మొత్తం చెప్పేశాడు. డ్రైవరు వచ్చి ఆయన పక్కన రాయి మీద కూర్చున్నాడు. "ఆ బస్సు నడిపింది నేనే కదా," అన్నాడు.

మర్నాడు ఇద్దరూ డిపోకి వెళ్ళారు, ఉన్నదున్నట్టు చెప్పేద్దామని. గుమాస్తా దుమ్ము దులిపి, మరిచిపోయిన వస్తువుల పాత పుస్తకం తీశాడు. ఆ తేదీ దొరికింది. నల్ల గొడుగు, కర్రపిడి. దాని ఎదురుగా మరుసటి రోజు తేదీతో ఒక సంతకం. పక్కన అప్పటి గుమాస్తా రాత — "సొంతదారు తీసుకున్నాడు. లారీలో వచ్చాడట. చాలా కోపంగా ఉన్నాడు."

అంటే ఆ మనిషి చావలేదు. ఆ మలుపులో ఎవరూ చావలేదు.

కండక్టరు ఆ రాత్రి పందొమ్మిదేళ్ళ నిద్రా ఒక్కసారే పోయాడు. లారీవాళ్ళ పుణ్యమా అని మలుపులో దెయ్యానికి ఇప్పుడు బట్టతల కూడా వచ్చింది, అది ఆయనదే.

రేకు తట్టిందెవరో మాత్రం తేలలేదు. డ్రైవరు ఆ వారమే వ్యాను అమ్మేశాడు. ఎందుకని అడిగితే, రేడియేటర్ బాగాలేదంటాడు.