సంపెంగ తెచ్చిన కిట్లు

"వంటవాళ్లలో ఒకడు వైరస్ మోసుకొచ్చాడు," అన్నాడు చీఫ్. "ఎవడో తెలీదు. మధ్యాహ్నం విందులోపు తేలాలి."

ఏజెంట్ తాబేలు తల ఊపాడు. ఊపినందుకే కడుపులో తిప్పింది. నిన్నంతా అతడు ఆ హోటల్ వంటగదిలోనే గిన్నెలు తోమేవాడి వేషంలో ఉన్నాడు. తిండీ అక్కడే. తెల్లవారినప్పటి నుంచి మంచానికీ బాత్రూమ్‌కీ మధ్యే డ్యూటీ.

హోటల్లో రెండు దేశాల ప్రతినిధులు శాంతి ఒప్పందం మీద సంతకాలు చేయబోతున్నారు. ముందు విందు. అది తిని ఒక పక్షం వాళ్లు వాంతులు చేసుకుంటే చాలు, విషం పెట్టారన్న మాట పుడుతుంది. సంతకాలు ఆగుతాయి, యుద్ధం సాగుతుంది. ఆయుధాలు అమ్ముకునే విదేశీ ముఠాకు కావలసింది అదే.

"వంటవాళ్ల శాంపిళ్లు ల్యాబ్‌కి నువ్వే తీసుకెళ్లు. కొరియర్ వేషం. అక్కడ సంపెంగ ఉంటుంది. ముఠాలో మన మనిషి. పాత కిట్లు ముఠా పాడుచేసిందని కనిపెట్టి, కొత్తవి తెచ్చింది. కోడ్ గుర్తుందా?"

"'ఫ్రిజ్‌లో లైటు వెలుగుతోందా?' దానికి జవాబు, 'తలుపేశాక ఎవరికి తెలుసు?' సార్, ఈ కోడ్లు రాసేవాడికి కాస్త సెలవివ్వండి. లేదా నాకివ్వండి."

చీఫ్ ఏదీ ఇవ్వలేదు.

ల్యాబ్ మెట్ల దగ్గర భార్య ఫోన్ చేసింది. పెళ్లయి నెల కూడా కాలేదు. ఆమె గొంతు వింటే అలసట సగం దిగిపోతుంది.

"ఏమండీ, తిన్నారా?"

"ఆ ఊసెత్తకు, తల్లీ."

"సంతకాలైతే తమ్ముడు సరిహద్దు నుంచి వచ్చేస్తాడటగా? గది కూడా సర్దేశాను."

"వస్తాడులే," అన్నాడు. బావమరిది కోసం దిండు గలీబు కూడా మార్చి ఉంటుంది, పిచ్చిది.

సంపెంగ తెల్లకోటులో కూడా సినిమా పోస్టర్‌లా ఉంది. కోడ్ చెప్పుకున్నారు. ల్యాబ్ డాక్టరమ్మ శాంపిళ్లు తీసుకుని కొత్త కిట్‌తో మెషీన్‌లో పెట్టింది. తాబేలు ఎండ పడుతున్న కుర్చీలో కూలబడ్డాడు. వీపు వెచ్చబడింది. ఆ రోజు అతడికి జరిగిన మొదటి మంచి అదే.

ఫలితాలు వచ్చాయి. కిట్ పనిచేస్తోందని చూపడానికి దానితోనే వచ్చిన వైరస్ నమూనా, కంట్రోల్ గొట్టం, దాని గీత మాత్రం తెర మీద పైకి లేచింది. వంటవాళ్లందరివీ నేల మీదే పడుకున్నాయి.

"అందరూ నెగటివ్," అంది సంపెంగ. "విందుకి క్లియరెన్స్ చెప్పి వస్తాను." ఫోన్ కోసం పక్కగదిలోకి వెళ్లింది.

తాబేలు బాత్రూమ్‌కి పరుగెత్తాడు. గోడకి తల ఆనించి ఆలోచించాడు. వంటగదిలో వైరస్ లేకపోతే, తనకిది ఎక్కడ అంటుకుంది?

తిరిగొచ్చేటప్పుడు చేతిలో డబ్బా ఉంది.

"డాక్టరమ్మా, ఇదీ చూడండి."

"ఎవరిది?"

"అడక్కండి."

కొత్త కిట్ దాన్నీ నెగటివ్ అంది. డాక్టరమ్మ కళ్లజోడు సర్దుకుని అతడి పాలిపోయిన ముఖం చూసింది. "నిన్ను చూస్తే నాకే పాజిటివ్ అనిపిస్తోందయ్యా. మన దగ్గరున్న రోగుల శాంపిళ్లతో కిట్‌ని సరిచూద్దామంటే, సేఫ్టీ పేరు చెప్పి ఆ అమ్మాయి అన్నీ పారేయించింది. కంట్రోల్ కూడా తన డబ్బాలోదే."

"అంటే ఆ కిట్ దాని కంట్రోల్‌ని తప్ప దేన్నీ పట్టుకోదేమో?"

పారేయడానికి కట్టిపెట్టిన పాత కిట్ విప్పారు. ముందు ఉత్త నీళ్లు పెట్టారు. గీత కదల్లేదు. అంటే ఈ కిట్ లేని వైరస్‌ని ఉన్నట్టు చూపదు. తర్వాత తాబేలుది, దాని పక్కన వంటవాళ్లవి. మెషీన్ గురగుర తిరుగుతుంటే అతడు గోడ గడియారం వైపు చూడడం మానేశాడు.

రెండు గీతలు లేచాయి. ఒకటి తాబేలుది. ఇంకొకటి సూప్ వండేవాడిది.

"నోరోవైరస్," అంది డాక్టరమ్మ. "ఎంత చక్కగా లేచిందో చూడు!"

"పాపం, అది చూడకుండా ఉండాల్సింది," అంది వెనకనుంచి సంపెంగ. ఆమె వేళ్ల మధ్య లిప్‌స్టిక్ అంత పిస్టల్ ఉంది. "ఫోన్ ముట్టుకోకండి. ఇంకాసేపట్లో సూప్ వడ్డిస్తారు."

తాబేలు బూటులో గ్యాస్ పెన్ను ఉంది. తీయాలంటే వంగాలి. ఈ పరిస్థితిలో వంగడం మంచిది కాదు. అతడు నిట్టూర్చి, బల్ల మీది డబ్బా అందుకుని మూత తీశాడు.

"కాల్చండి, మేడమ్. ఇది మీ మీదే పడుతుంది. దీంట్లో ఏముందో నాకన్నా మీకే బాగా తెలుసు."

సంపెంగ ముఖంలో రంగు మారింది. మనిషిని పడేయడానికి పదో ఇరవయ్యో వైరస్ కణాలు చాలని ఆమె ముఠాకు పాఠం చెప్పిన మనిషి. ఒక అడుగు వెనక్కి వేసింది. అతడు కాళ్లీడ్చుకుంటూ ముందుకొచ్చాడు. ఆమె ఇంకో అడుగు వెనక్కి వేసి, శాంపిళ్లు దాచే కోల్డ్ రూమ్ గడప దాటింది. డాక్టరమ్మ తలుపు దబ్బున మూసి గొళ్లెం పెట్టింది.

"ఇప్పుడు లైటు వెలుగుతోందో లేదో నువ్వే చూసుకో!" అంది తలుపుతో. కోడ్ ఆవిడ కూడా విన్నట్టుంది.

తాబేలు ఫోన్ చేసేసరికి హోటల్లో గరిటె సూప్‌లో మునుగుతోంది. గార్డు వడ్డించేవాడి చేయిపట్టి ఆపాడు. ప్రతినిధులు బిస్కెట్లు తిని సంతకాలు పెట్టారు.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్! కేసులో నీ శాంపిలే ముఖ్య సాక్ష్యం. సీలు వేసి ప్రభుత్వ రహస్య భాండాగారంలో పెడుతున్నారు."

తాబేలు కళ్లు మూసుకున్నాడు. ఇన్నేళ్ల సర్వీసులో అతడి ఫొటో లేదు, పేరు లేదు, వేలిముద్ర లేదు. దేశం అతడి జ్ఞాపకంగా దాచుకుంటున్నది అదొక్కటే.