పడని వేలిముద్ర

“ఇంకొంచెం గట్టిగా నొక్కండి.”

“ఇంకా నొక్కితే మీ మిషన్ బల్లలోంచి కిందికి దిగిపోతుంది మేడం!”

వీసా ఆఫీసులో వేలిముద్రలు తీసుకునే అమ్మాయికీ, ఆ టైల్స్ మేస్త్రీకీ మధ్య మొదటి మాటలు అవే. ఏళ్ల తరబడి సిమెంటులో నాని అతని వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. ఎన్నిసార్లు పెట్టినా తెర మీద ఎర్ర గుర్తే వచ్చింది.

“కొన్నాళ్లు సిమెంటు ముట్టుకోకండి. రోజూ గ్లిజరిన్ రాసుకుని, మళ్లీ రండి,” అంది ఆమె.

“పని మానేసి వేళ్లకి సింగారం చేసుకోమంటారా?”

“వీసా కావాలా, వద్దా?”

అతను రుసరుసలాడుతూ వెళ్లిపోయాడు.

రెండోసారి వచ్చినప్పుడు ఆ పొగరు లేదు. ఎడమచేతి ముద్రలు పడ్డాయి. కుడిచెయ్యి మాత్రం మొండికేసింది.

“ఒక చెయ్యి మీ మాట వింది. రెండోదానికింకా బుద్ధి రాలేదు,” అన్నాడు అరచెయ్యి చూసుకుంటూ.

ఆమెకు నవ్వాగలేదు. ఆ తర్వాత వరసలో ఎవరు చెయ్యి చాపినా ఆ గరుకు చేతులే గుర్తొచ్చేవి. తన మీద తనకే ఒళ్లు మండేది. వీసా రాగానే ఎగిరిపోయే మనిషి గురించి ఈ ఆలోచనలేమిటి?

మూడోసారి జోరువానలో తడిసి ముద్దై వచ్చాడు. వేళ్లు చల్లబడి ముడతలు పడిపోయాయి. 

సూపర్‌వైజర్ వచ్చి పక్కనే నిలబడ్డాడు. “ఏమ్మా, ఇదే ఆఖరు. ఇవాళా పడకపోతే ‘ముద్రలు అందలేదు’ అని నొక్కేసి ఫైలు మూసెయ్. వెనక జనం ఉన్నారు.”

“అక్కడి కంపెనీలో మా బావ నాకోసం పూచీ పడ్డాడు మేడం,” అన్నాడతను. “నేను వెళ్లకపోతే ఆయన మాట పోతుంది.”

కుడిచెయ్యి పెట్టాడు. ఎరుపు. మళ్లీ పెట్టాడు. మళ్లీ ఎరుపే.

ఆమె వేలు బటన్ మీదికి వెళ్లింది. ఒక్కసారి నొక్కితే చాలు, అతను ఎక్కడికీ వెళ్లడు. ఇదేమిటని అడిగేవాళ్లు కూడా లేరు.

తలెత్తి చూసింది. అతను తెర వంక చూడటం లేదు. ఏదో తప్పు చేసినట్టు తన చేతుల్నే చూసుకుంటున్నాడు.

ఆమె చటుక్కున వేలు వెనక్కి తీసుకుంది.

“సార్, ఒక్క నిమిషం!”

టిష్యూతో అతని వేళ్ల తడి అద్దింది. తన అరచేతుల మధ్య పెట్టుకుని ఒక్కొక్క వేలినీ వేడెక్కేదాకా రుద్దింది. వెనక ఎవరో విసుక్కున్నారు. ఆమె వినిపించుకోలేదు.

“ఇప్పుడు పెట్టండి. నెమ్మదిగా.”

బొటనవేలు, చూపుడువేలు పచ్చబడ్డాయి. మధ్యవేలు, ఉంగరపువేలు కూడా. చిటికెనవేలి దగ్గర తెర కాసేపు అలాగే ఆగిపోయింది.

పచ్చ!

సూపర్‌వైజర్ “హమ్మయ్య” అనుకుంటూ వెళ్లిపోయాడు. అతను మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

“నిన్న సిమెంటులో చెయ్యి పెట్టేద్దామనుకున్నాను మేడం,” అన్నాడు మెల్లగా. “ముద్రలు పడకపోతే మళ్లీ మీ దగ్గరికే పంపుతారనుకున్నా.”

“పంపరు. ఫైలు మూసేస్తారు.”

“ఆ సంగతి నిన్ననే ఒకరు చెప్పారు. అందుకే మానుకున్నాను.”

ఆమె కళ్లు దించుకుంది. “ఇందాక నేనూ ఆ బటన్ నొక్కేద్దామనుకున్నాను.”

“ఎందుకు?”

“మీరెందుకు అనుకున్నారో అందుకే.”

అతని మొహమంతా వెలిగిపోయింది. అంతలోనే దిగులు కమ్మింది. “కాంట్రాక్టు రెండేళ్లు. అన్నాళ్లు ఎదురుచూడమని అడిగే హక్కు నాకుందో లేదో.”

“అడిగి చూడండి, తెలుస్తుంది.”

“ఎదురుచూస్తారా?”

“ఊఁ. కానీ ముందు మా అమ్మ ఒప్పుకోవాలి.”

“అయితే ఏమేం డాక్యుమెంట్లు తీసుకురావాలి?” అన్నాడు కంగారుగా.

“జిరాక్సులేం అక్కర్లేదు,” అంది ఆమె నవ్వు దాచుకుంటూ. “ఒరిజినల్ మనిషి వస్తే చాలు. ఆదివారం పొద్దున, మా ఇంటికి. నెక్స్ట్!”