ప్రస్థానం మూట

1949 ఎండాకాలంలో సూర్యాపేట బద్రీనాథ్ చేతిలో ఉన్నవి ఇవి: గోదాము నిండా ఎండు మిరపకాయలు, సరుకు చూపించమని కొలంబో వర్తకుడు రాసిన ఉత్తరం, బెజవాడలో కొన్న రైల్వే టైమ్‌టేబుల్, సిలోన్ రైళ్ళ వేళలు అచ్చేసిన పల్చటి పుస్తకం, ఇరవై నాలుగేళ్ళ వయసు. లేనిది ఒక్కటే. అతను పుట్టి ఇంతవరకు రైలెక్కలేదు.

సూర్యాపేటకు రైలు లేదు. కోదాడకూ లేదు, మిర్యాలగూడకూ లేదు. అయినా బద్రీనాథ్ బెదరలేదు. ఏ పనైనా ముందు కాగితం మీద గెలవాలన్నది అతని పద్ధతి. పది రోజులు కూర్చుని బెజవాడ, మద్రాసు, ధనుష్కోటి, అక్కడినుంచి స్టీమరు, ఆపైన కొలంబో, కాండీ, అనూరాధపురం, ఏ బండి ఎక్కడ ఎక్కాలో పొడుగాటి కాగితం మీద రాసుకున్నాడు. ఇంగ్లీషు తెలిసినవాళ్ళు ఒకసారి చూస్తే మంచిదనిపించి కోదాడ బస్సెక్కాడు.

కోదాడలో అతను ఐదేళ్ళుగా సరుకు వేసే కమీషన్ దుకాణం నరసింహారావుది. దాని వెనకే ఇల్లు. రజాకార్ల గొడవల ఏడాది ఆ కుటుంబం బెజవాడలో తలదాచుకుంది. నరసింహారావు బావమరిది అక్కడి స్టేషన్లో టికెట్లిచ్చే గుమాస్తా. ఆ ఇంట్లో చదవడానికి టైమ్‌టేబుల్ తప్ప ఇంకే పుస్తకమూ లేక, నరసింహారావు కూతురు స్వరాజ్యలక్ష్మి దాన్నే మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివేసింది.

అందుకే నరసింహారావు ఆ కాగితాన్ని కూతురి చేతికిచ్చాడు. ఆమె అరుగు మీద స్తంభానికి ఆనుకుని చదివింది. మద్రాసు దాకా తల ఊపింది. కొలంబో దగ్గర పెదవి కొరికింది. కాండీ దాటాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎందుకు నవ్వుతున్నవ్?" అన్నాడు బద్రీనాథ్.

"నవ్వలేదండీ. మీ రైలు వెళ్ళిపోయిందని బాధపడుతున్నా."

"ఏ రైలు?"

"కాండీ నుంచి జంక్షన్‌కి వచ్చి ఎక్కాల్సిన అనూరాధపురం బండి. శుక్రవారం, రాత్రి పన్నెండూ నలభైకి. మీరు స్టేషన్‌కి ఎప్పుడెళ్తారు?"

"శుక్రవారం రాత్రి పది కొట్టంగనే పోయి కూసుంట. జర ముందుగనే."

"ముందు కాదండీ. ఇరవై ఒక్క గంటలు ఆలస్యం."

బద్రీనాథ్ కాగితం లాక్కుని చూశాడు. "తెల్లారితేనే గద వారం మారేది! నడిరాత్రి ఎట్ల మారుతది? పంచాంగం సూడు."

"రైలు పంచాంగం చూడదు. గడియారం చూస్తుంది. పన్నెండు కొట్టగానే దానికి శుక్రవారం వచ్చేసింది. మీకింకా గురువారం రాత్రే."

"నీ రైలుకు బుద్ధి లేదు."

"ఎక్కేది మీరు!"

ఆ బండి తప్పితే తిరుగు స్టీమరు తప్పుతుంది. విదేశంలో, భాష రాని ఊళ్ళో, మూడు రోజులు పడిగాపులు. బద్రీనాథ్ పెన్సిలు ఆమెకిచ్చాడు.

ఒక తప్పు దిద్దుకోవడానికి ఒక రాకపోక చాలు. బద్రీనాథ్ నాలుగుసార్లు వచ్చాడు. ఒకసారి మద్రాసులో ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కు ఎట్లా వెళ్ళాలో అడగడానికి. ఒకసారి టీకా కాగితం చూపించడానికి. ఇంకోసారి ఎందుకొచ్చాడో అతనికే గుర్తు లేదు.

నాలుగోసారి వచ్చినప్పుడు ఉన్నట్టుండి వాన పట్టుకుంది. పెరట్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఇద్దరూ పరుగెత్తి గోనెపట్టా చెరో కొసా పట్టుకున్నారు. ఘాటుకు ఆమె తుమ్మింది. అతనూ తుమ్మాడు. పట్టా జారి ఇద్దరూ తడిశారు.

చూరు కింద నిలబడి ఆమె జడ పిండుకుంటూ అంది, "కాండీ బండిలో కుడిపక్క కిటికీ దగ్గర కూర్చోండి. లోయలు బాగుంటాయట."

"నీకెవరు సెప్పిన్రు?"

"మావయ్య. ఆయనా చూడలేదనుకోండి."

"నేను సూసొచ్చి సెప్త."

"అప్పటికి నేనిక్కడుంటే కదా!" ఆమె వానవైపు తిరిగింది. "శుక్రవారం మిర్యాలగూడ రైస్‌మిల్లువాళ్ళు చూడ్డానికొస్తున్నారు. నచ్చితే ఆ రోజే తాంబూలాలట."

బద్రీనాథ్ మనసులో రోజులు పరిచాడు. శనివారం తన ప్రయాణం. తిరిగి రావడానికి పద్దెనిమిది రోజులు. అన్ని బళ్ళూ ఒకదానికొకటి అందుతున్నాయి. ఇదొక్కటే అందడం లేదు.

"మంచి సంబంధమేనా?" అన్నాడు, సరుకు నాణ్యం అడిగినట్టు.

"మీరు చెప్పండి. బేరాలు తెలిసినవారు."

"మిల్లుల సంగతి నాకేం తెల్వది."

"మిరపకాయలు తప్ప ఇంకేమీ తెలియదా మీకు?"

అతను తెలిసినదేదో చెప్పబోయి, తడిసిన చొక్కా కొసలు పిండుకున్నాడు. ఆమె మాట మార్చింది. "శనివారం తూర్పుకు ప్రయాణం, వారశూల కదా. మీ అమ్మగారు ఒప్పుకున్నారా?"

"యాడ ఒప్పుకున్నది! ముందుగాల ప్రస్థానం పెట్టుమన్నది."

వెళ్ళాల్సిన రోజు మంచిది కాకపోతే, అంతకుముందే మంచి ఘడియలో బట్టలు, గుప్పెడు బియ్యం, పసుపుకొమ్ము మూటగట్టి, దారిలో తెలిసినవాళ్ళ ఇంట పెట్టడం ఆ ఇళ్ళలో ఆచారం. ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. తరువాత మనిషి వచ్చి మూట తీసుకుని సాగిపోతాడు.

"ఎక్కడ పెడతారు?"

"సూర్యాపేటలనే, మా మేనత్త ఇంట్ల."

"మా ఇంట్లో పెట్టండి. బుధవారం."

"గింత దూరం దేనికి?"

"పెట్టండంటే పెట్టండి."

బుధవారం పొద్దున మూట తెచ్చాడు. ఆమె దాన్ని తీసుకెళ్ళి దేవుడి గూటి కింద పెట్టింది. శుక్రవారమంతా బద్రీనాథ్ సూర్యాపేటలో అన్నం ముట్టలేదు.

శనివారం ఉదయం కోదాడలో దిగేసరికి బెజవాడ బస్సుకు అరగంట ఉంది. స్వరాజ్యలక్ష్మి గడపలో నిలబడి ఉంది.

"నిన్న వచ్చిన్రా వాళ్ళు?"

"రాలేదు. నాన్న రావద్దని కబురు పెట్టాడు."

"ఎందుకు?"

"ఒకరి ప్రయాణం మా ఇంట్లో సగంలో ఆగి ఉంది కదా. ఆ మూట కదిలేదాకా ఇంకో శుభకార్యం మొదలుపెట్టకూడదని నాయనమ్మ అనేదని గుర్తుచేశా."

"మీ నాయనమ్మ గట్ల అనేదా?"

"ఏమో. నేను పుట్టకముందే పోయింది."

బద్రీనాథ్ ఆమె భుజం మీదుగా దేవుడి గూటివైపు చూశాడు. బుధవారమే ఎందుకో, ఈ ఇల్లే ఎందుకో అప్పుడు తెలిసింది. ఇన్ని లెక్కలు కట్టినవాడికి ఈ ఒక్కటీ ఇంత ఆలస్యంగా తెలిసింది.

"ఇప్పుడు నేను మూట ఎత్తితే?"

"సోమవారం వాళ్ళొస్తారు."

అతను చెప్పులు విడిచి నేరుగా దుకాణంలోకి వెళ్ళాడు. "నరసింహారావుగారూ, ఒక మాట."

"బస్సుకు టైమవుతోంది, తొందరగా చెప్పు."

"నేను ఆ మూట ఎత్తను."

"ఎత్తవా? కొలంబో బేరం?"

"పోతే పోనియ్యుండ్రి. మీ అమ్మాయిని నాకిస్తనంటేనే ఎత్తుత. మా అమ్మను ఒప్పించుడు నా జిమ్మా."

నరసింహారావు ముఖం పక్కకు తిప్పుకుని మీసం సవరించుకున్నాడు. "ఐదేళ్ళ నుంచి ఈ దుకాణానికొస్తున్నావ్. మనవాళ్ళలో నీ ఈడు కుర్రాళ్ళంతా నన్ను బాబాయ్ అంటారు. నువ్వొక్కడివే గారు, గారు అంటావ్. ఎప్పుడడుగుతావా అని చూస్తున్నా."

బద్రీనాథ్ చెవులు ఎర్రబడ్డాయి. "మరి మిర్యాలగూడవాళ్ళు?"

"మా అమ్మ అలాంటి మాట ఎప్పుడూ అనలేదు. ఆ సంగతి నాకు తెలియకనా కబురు పెట్టింది?" అని లోపలికి చూసి గొంతు పెంచాడు. "అమ్మాయీ, తలుపు చాటున నిలబడింది చాలు. మూట చూపించు."

"మీరే ఎత్తుకోవాలి," అంది స్వరాజ్యలక్ష్మి దేవుడి గూటి దగ్గర. "కుడికాలు ముందు పెట్టండి. అది ఎడమండీ!"

పద్దెనిమిది రోజుల తరువాత తేల్చి చూస్తే ఆ ప్రయాణం ఇలా ఉంది. కొలంబో వర్తకుడు గోదాములో సగం సరుకు తీసుకుంటానన్నాడు. కాండీలో మిరపకాయ మరీ కారమని ఎవరూ ఒక్క బస్తా కూడా అడగలేదు. అనూరాధపురంలో బేరం కుదరలేదు గాని, కొబ్బరినీళ్ళిచ్చి సాగనంపారు. కొలంబో బజారులో తాబేటిచిప్ప దువ్వెన ఒకటి కనిపిస్తే, బద్రీనాథ్ ధర అడగకుండా "కట్టియ్యి" అని సైగ చేసి, అంగడివాడి ముందు పర్సు తెరిచి పట్టుకున్నాడు.

జ్యేష్ఠంలో పెళ్ళయింది. పీటల మీద, జడలో దువ్వెనతో కూర్చున్న స్వరాజ్యలక్ష్మి అతని చెవి దగ్గరికి వంగి, ఎంతకు కొన్నారని అడిగింది.

బద్రీనాథ్‌కు నిజంగానే తెలియదు.