ఒంటిగంట నుంచి నాలుగింటిదాకా

అబద్ధాలాడేవాళ్ళని హైమ చాలామందినే చూసింది. మంచం మీద వెల్లకిలా పడుకుని ఇంత హాయిగా అబద్ధమాడే మనిషిని చూడటం మాత్రం అదే మొదలు.

“నిజం చెప్పండి దామోదర్. మంచం దిగుతున్నారా, లేదా?”

“దిగలేదండీ. ఒట్టు.”

అది 1986 మార్చి. న్యూజెర్సీలోని ఆ రిసెర్చ్ వార్డులో నలుగురు కుర్రాళ్ళు ఐదు వారాలుగా తలా ఒక గదిలో పడుకుని ఉన్నారు. తిండి, స్నానం, చదువు అన్నీ పడక మీదే. మనిషి నిలబడటం మానేస్తే కండరాలూ ఎముకలూ ఏమవుతాయో తేల్చడానికి డాక్టర్ ఆదిశేషు పెట్టిన స్టడీ అది. వాళ్ళ యూరిన్ సీసాల్లో కాల్షియం కొలిచే పని హైమది. ఆమె పీహెచ్‌డీ భవిష్యత్తంతా ఆ సీసాల్లోనే ఉంది. సివిల్ ఇంజినీరింగ్ చదివే దామోదర్‌కి అంత పెద్ద ఆశయమేమీ లేదు. పడుకుని థీసిస్ రాసుకోవచ్చని వచ్చి చేరాడు.

“బరువు మోయని దూలం వందేళ్ళయినా చెక్కుచెదరదండీ. ఎముకకేం రోగం?” అని మొదటివారమే ఆమెని ఆటపట్టించాడు.

“ఎముక దూలం కాదు. మోయడానికి బరువు లేదని తెలిస్తే ఒళ్ళే దాన్ని కొంచెం కొంచెంగా విప్పేసుకుంటుంది. ఆ సున్నమంతా నా సీసాల్లోకి వస్తుంది,” అంది హైమ. ఆ రోజు నుంచి అతను ఏదో ఒక సందేహం లేవదీసి ఆమెని గుమ్మం దగ్గర నిలబెట్టేవాడు. ఆమె కూడా విసుక్కుంటూనే నిలబడేది.

మిగతా ముగ్గురి కాల్షియం వారం వారం పోతూనే ఉంది. పిక్కలు సన్నబడ్డాయి, అరికాళ్ళు పసిపిల్లల పాదాల్లా మెత్తబడ్డాయి. దామోదర్ లెక్క మాత్రం మొదటిరోజు ఎలా ఉందో అలాగే ఉంది. అందుకే ఆ రోజు దుప్పటి తొలగించి చూసింది. అతని అరికాళ్ళు గట్టిగా ఉన్నాయి. వాటికి నేల పాలిష్ అంటుకుని ఉంది.

ఇక మాటలెందుకని, మంచం కోళ్ళ కింద తూకం యంత్రం పెట్టించింది. దాని తీగ పక్కగదిలో తన బల్ల మీదికి లాగించింది. మంచం మీద బరువెంతో కాగితపు చుట్ట మీద ఒక పెన్ను రాత్రింబవళ్ళు గీస్తూ ఉంటుంది.

నాలుగు రోజుల తర్వాత ఆ కాగితం విప్పి చూసింది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటిదాకా వార్డులో అందరూ నిద్రపోవాలి, కిటికీ తెరలు దించేస్తారు, నర్సులు కూడా గదుల్లోకి వెళ్ళకూడదు. సరిగ్గా ఆ వేళకి దామోదర్ గీత సున్నాకి పడిపోయి ఉంది.

మంగళవారం మాత్రం గీత కదల్లేదు. మంగళవారం హైమకి క్లాసులు, వార్డుకి రాదు. బుధవారం ఒంటిగంటకి బల్ల దగ్గరికి రావలసిన ఆమె ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది, గీత కూడా ఇరవై నిమిషాలు ఆలస్యంగా పడింది. రెండున్నరకి ఆమె కాఫీకి వెళ్ళిన పది నిమిషాలూ మంచానికి బరువు తిరిగొచ్చింది. ఆమె కుర్చీలో కూర్చోగానే మళ్ళీ పోయింది.

తలెత్తి చూస్తే, ఇప్పుడు కూడా పెన్ను సున్నా మీదే ఉంది. ఎప్పట్లా గోడకి తల ఆనించింది. అవతల వైపు సన్నగా ఏదో రుద్దుకున్న చప్పుడైంది.

హైమకి భయమేసింది. అయినా లేచి వెళ్ళి పక్కగది తలుపు తీసింది.

మసక వెలుతురులో దామోదర్ గోడ దగ్గర నిటారుగా నిలబడి ఉన్నాడు. కళ్ళు మూసుకునే ఉన్నాయి. కుడి అరచెయ్యి గోడకి ఆనించి ఉంది. గోడకి అవతల, సరిగ్గా అక్కడే, ఆమె తల ఆన్చే చోటు. ఆమె రెండడుగులు పక్కకి వేసింది. మూసిన కళ్ళతోనే ఆ ముఖం ఆమె వైపు తిరిగింది.

“పడుకోండి,” అంది. బుద్ధిమంతుడిలా వెళ్ళి పడుకున్నాడు.

నాలుగింటికి నిద్రలేచాక కాగితం చూపిస్తే అతని ముఖం పాలిపోయింది. తనకేమీ గుర్తులేదన్నాడు. రోజూ ఒకటే కల వస్తుందనీ, తనకి కావలసినవాళ్ళెవరో వస్తున్నట్టూ లేచి ఎదురెళ్ళాలన్నట్టూ ఉంటుందనీ చెప్పాడు.

“ఎవరు?”

అతను గోడవైపు చూశాడు.

ఆ కాగితం చింపేస్తే ఎవరికీ తెలియదు. చూపిస్తే దామోదర్ పేరు కొట్టేస్తారు, ముగ్గురితో ఆమె థీసిస్ కుంటుపడుతుంది. అన్నిటికన్నా, రేపటి నుంచి ఆ గది ఖాళీ అయిపోతుంది. దాన్ని తలుచుకుంటే కలిగిన దిగులు చూసి ఆమెకే ఆశ్చర్యమేసింది. గంటసేపు బల్ల ముందు కూర్చుంది. చివరికి కాగితం చుట్టుకుని ఆదిశేషుగారి దగ్గరికి వెళ్ళింది.

ఆయన కళ్ళజోడు సవరించుకుని కాగితమంతా చూశారు. రోజుకి మూడు గంటలు నిలబడితే ఎముక నిలిచినట్టుంది, కానీ ఒక్కడితో సైన్స్ అవదు, ఇతన్ని తీసెయ్యాల్సిందే అన్నారు. నిలబెట్టి చూసే స్టడీ వేరేగా పెడదామనీ, అందుకు ఇంకో ఏడాది పట్టినా థీసిస్ అదే చేసుకోమనీ చెప్పారు.

“ఇంతకీ ఎప్పుడు లేస్తున్నాడమ్మా?”

“నేను పక్కగదిలో ఉన్నప్పుడండీ.”

ఆయన ఆమె ముఖంలోకి చూసి కాగితం చుట్టి ఇచ్చేశారు. “ఇది కూడా లెక్కలో రాయాలంటే, ఆ కాలమ్‌కి నేను హెడ్డింగ్ పెట్టలేను. నువ్వే ఆలోచించుకో.”

మర్నాడే దామోదర్ వెళ్ళిపోయాడు. ఆమె కనిపిస్తుందేమోనని గుమ్మం దగ్గర ఆగాడట. హైమ ఆ పూట కావాలనే ఆలస్యంగా వచ్చింది. ఆ తర్వాత మధ్యాహ్నాలు ఆమె గోడకి తల ఆనించి కూర్చునేది. పెన్ను సున్నా మీద తిన్నగా పోతూ ఉండేది.

మూడోవారం ఆదివారం, పార్సిప్పనీ ఊళ్ళోని తన అపార్ట్‌మెంట్‌లో భోంచేసి సోఫాలో నడుం వాల్చింది. బయట వాన మొదలైంది. ఎవరో వస్తున్నట్టు కల.

మెలకువ వచ్చేసరికి తలుపు ముందు నిలబడి ఉంది. కుడి అరచెయ్యి తలుపుకి ఆనించి ఉంది. కాళ్ళు బరువెక్కి పిక్కలు లాగుతున్నాయి. గోడ గడియారం చూస్తే తను పడుకుని గంటకి పైనే అయింది.

గొళ్ళెం తీసింది.

దామోదర్ బయట నిలబడి ఉన్నాడు. గొడుగులోంచి కారిన నీళ్ళు అతని కాళ్ళ చుట్టూ మడుగు కట్టాయి. అప్పటిదాకా తలుపుకి ఆనించి ఉన్న అతని అరచెయ్యి ఇంకా గాలిలోనే ఉంది.

“ఎప్పుడొచ్చారు?”

“గంటయింది. బెల్ కొట్టడానికి ధైర్యం చాల్లేదు.” గొడుగు గోడకి ఆనించి అన్నాడు, “ఈసారి మెలకువగానే నిలబడ్డానండీ. కలలో వచ్చేది మీరే.”

హైమ అతని చేతిని చూసింది, తన చేతిని చూసుకుంది. భయం ఎటు పోయిందో తెలియలేదు.

“లోపలికొచ్చి కూర్చోండి,” అంది. “ఇద్దరం చాలాసేపు నిలబడ్డాం.”